ఐదక్షరాల్లో ఒక జంట

నాగాయలంక రేవులో ప్రకాష్‌ని చంపుతున్న సమయానికి, అతన్ని కాపాడతానని మాటిచ్చిన ఏలీయా మంగినపూడి బీచ్‌లో మొక్కజొన్న పొత్తు తింటున్నాడు.

ఆకలేసి తినడం లేదు. చొక్కా బొత్తంలో కెమెరా పెట్టుకున్న మనిషి షికారుకొచ్చిన వాడిలా కనిపించాలంటే చేతిలో ఏదో ఒకటి ఉండాలి. ఒడ్డుకొచ్చిన పడవలన్నీ చూశాడు. రావలసిన పడవ రాలేదు. ప్రకాష్ ఫోన్ మోగి మోగి ఆగిపోతోంది. సూర్యుడు దిగిపోతుండగా తను పనిచేసే నిఘా డిపార్ట్‌మెంట్ డెస్క్ నుంచి మెసేజ్ వచ్చింది. "నీ సోర్స్ నాగాయలంకలో ఉన్నాడు. ప్రాణం లేదు."

ప్రకాష్ గిలకలదిండి హార్బర్‌లో పడవ ఇంజన్ల మెకానిక్. డిపార్ట్‌మెంట్‌కి అతన్ని సోర్స్‌గా తెచ్చింది ఏలీయానే. ప్రేమ్ సాగర్ అనే పెద్దమనిషికి బందరులో ఐస్ ఫ్యాక్టరీ ఉంది, పది పడవలున్నాయి, చర్చికి ప్రతి క్రిస్మస్‌కీ లైట్లు పెట్టించే చెయ్యి ఉంది. వీటన్నిటి వెనకాల సముద్రం అవతలి దేశం నడిపే గూఢచారి ముఠా ఉంది. నడిసముద్రంలో ఆగే ఓడల నుంచి సీలు వేసిన పెట్టెలు అతని పడవల్లో ఒడ్డుకొస్తాయి. అవి దిగే రేవులు నాలుగు: మంగినపూడి, గిలకలదిండి, పాలకాయతిప్ప, నాగాయలంక. ఏ రోజు ఏ రేవో ఆ మధ్యాహ్నం దాకా పడవలో వాళ్ళకీ తెలియదు.

"ఫోన్లో ఏదో ఇంగ్లిష్ మాటల ఆట చూస్తారండీ. అది చూశాకే రేవు చెప్పుకుంటారు" అని ప్రకాష్ ఒకసారి ఏలీయాకి చెప్పాడు. అంతకు మించి అతనికి అర్థం కాలేదు.

చనిపోయిన రోజు పొద్దున అతను భయపడుతూ ఫోన్ చేశాడు. ప్రేమ్ సాగర్ కబురు పెట్టాడట. ఇంజన్ మొరాయిస్తోంది, మధ్యాహ్నం ఏ రేవుకి రమ్మంటే ఆ రేవుకి రావాలన్నాడట. తనమీద అనుమానం వచ్చినట్టుంది అన్నాడు. ఏలీయా వెంటనే డెస్క్‌ని అడిగాడు, ఏ రేవో చెప్పండి, మనుషుల్ని పెట్టండి అని. కోడ్ ఇంకా పగల్లేదు, నీ అంచనా ప్రకారం వెళ్ళు అన్నారు. నాలుగింట్లో ఒకటి ఎంచుకున్నాడు. తప్పయింది.

ఇంజన్ బెల్టులో లుంగీ చుట్టుకుని మెకానిక్ మృతి అని కాగితాల్లో రాసుకున్నారు. ప్రకాష్ ఆ రోజు ప్యాంటు వేసుకున్నాడు.

* * *

బ్రీఫింగ్ పామర్రు సెంటర్లో, టీకొట్టు పక్కన ఆపిన కారులో జరిగింది. డెస్క్ అంటే క్రాంతి కుమార్. ఎప్పుడూ ఇస్త్రీ నలగని మనిషి. ఏలీయా కూర్చోగానే ట్యాబ్‌లో ఒక వీడియో పెట్టాడు.

షో పేరు జంటాక్షరి. ప్రతి మధ్యాహ్నం మూడింటికి గుడివాడ నుంచి లైవ్. నడిపేది సుష్మిత. జిల్లాలో ఆమె మొహం తెలియని కాలేజీ లేదు. ఆమె రోజూ పక్కపక్కన ఉండే రెండు ఇంగ్లిష్ అక్షరాలు ఇస్తుంది. ఆ జంట వచ్చేలా సరిగ్గా ఐదక్షరాల ఇంగ్లిష్ మాట చూసేవాళ్ళు కామెంట్లో పెట్టాలి. వేలల్లో పెడతారు. అందులోంచి ఒక్క మాట ఎంచి చదువుతుంది. అది పంపినవాడికి గిఫ్టు. ఆ ఒక్క మాటే ముఠాకి సిగ్నల్.

"మనకి కచ్చితంగా తెలిసిన ల్యాండింగులు నాలుగు" అన్నాడు క్రాంతి కుమార్. "మంగినపూడిలో దిగిన రోజు మాట SHARK. గిలకలదిండికి WINDY. పాలకాయతిప్పకి BOARD. మొన్న నాగాయలంకకి TRAIN. ఎక్స్‌పర్ట్స్ అర్థాలు తీశారు. షార్క్ అంటే నేవీ అన్నారు. విండీ అంటే తుఫాను అన్నారు. ట్రెయిన్ వచ్చిన రోజు గుడివాడ స్టేషన్లో మనవాళ్ళు ప్రతి బోగీ వెతికారు."

"ఆ రోజే ప్రకాష్ పోయాడు సార్."

"తెలుసు. అందుకే నిన్ను పంపిస్తున్నాను."

కవర్ సిద్ధంగా ఉంది. డేవిడ్ రాజు, రొయ్యల మేత కంపెనీ మార్కెటింగ్ మేనేజర్. షోకి స్పాన్సర్‌గా వెళ్ళాలి. చెరువు నీటి పీహెచ్ కొలిచే మీటర్ ఒకటి ఇచ్చారు. పెన్ను కంటే కాస్త లావుగా ఉంటుంది, జేబులో పట్టేస్తుంది. కింది బటన్ నొక్కితే చుట్టూ పాతిక గజాల్లో ఏ సెల్‌ఫోన్ సిగ్నలూ అందదు. బ్యాటరీ మాత్రం ఎంతోసేపు రాదన్నారు. పచ్చ లైటు ఎర్రబడిందంటే అయిపోవచ్చినట్టే. ఫోన్ చేసినప్పుడల్లా గుర్తింపు మాట ఒకటి. అవతలి వాళ్ళు చెరువులో ఉప్పెంత అని అడిగితే, వాన పడింది, తగ్గింది అనాలి.

కారు దిగుతూ ఏలీయా, ప్రకాష్ కుటుంబానికి ఏమైనా చేస్తున్నామా అని అడిగాడు. అతనికి ఉన్నది ఒక అక్క, వెంకటలక్ష్మి. బావ చిన్నబాబుకి సొంత పడవుంది. క్రాంతి కుమార్ ఏసీ కాస్త పెంచి, చూద్దాం అన్నాడు.

* * *

గుడివాడలో స్టూడియో ఒక బట్టల షాపు పైఅంతస్తు. పక్కనే కాలేజీ బస్సులు ఆగుతాయి. సుష్మిత తెరమీద కంటే ఎదురుగానే బాగుంటుంది. ఏలీయాని చూడగానే నవ్వి, రొయ్యలకి ఇంగ్లిష్ వస్తుందాండీ అని అడిగింది. స్పాన్సర్ డబ్బిస్తే వచ్చేస్తుందన్నాడు. కాఫీ తెప్పించింది. ఆ రోజు నుంచీ అతను కెమెరా వెనక ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని షో చూడటం మామూలైంది. స్టూడియోలో ఉన్నంతసేపూ ఫోన్లో ఆమె ఎవరితో మాట్లాడినా అతని జేబులో, ఆ పీహెచ్ మీటర్ పక్కనున్న చిన్న రికార్డర్‌కి అందేది. అమ్మతోనూ, మేకప్ సామాన్ల షాపుతోనూ తప్ప ఎవరితోనూ మాట్లాడినట్టు లేదు.

రూములో పాత ఎపిసోడ్లు మళ్ళీ మళ్ళీ వేసుకున్నాడు. ఒక పొద్దున, ఆ షో మ్యూజిక్ భరించలేక సౌండ్ తీసేశాడు. మాట వినపడకపోయేసరికి తెర మిగిలింది. తెరమీద ఐదు గళ్ళు. గెలిచిన మాట ఆ గళ్ళలో పడుతుంది, జంట అక్షరాలున్న రెండు గళ్ళు పసుపు రంగులో వెలుగుతాయి.

WINDY రోజు ఇచ్చిన జంట I, N. TRAIN రోజు ఇచ్చిందీ అదే జంట. జంట ఒకటే, రేవులు వేరు. అంటే జంటలో ఏమీ లేదు. గాలికీ రైలుకీ పొత్తు లేదు కాబట్టి అర్థంలోనూ లేదు. కానీ WINDYలో ఆ పసుపు రెండో గడి దగ్గర మొదలైంది, TRAINలో నాలుగో గడి దగ్గర. ఏలీయా SHARK వేసి చూశాడు. S, H మొదటి గడిలోనే. BOARDలో A, R మూడో గడిలో.

ఐదక్షరాల మాటలో ఒక జంట కూర్చోవడానికి ఉన్న చోట్లు నాలుగే. ఒడ్డెంబడి ఉత్తరం నుంచి దక్షిణానికి వస్తే మంగినపూడి ఒకటి, గిలకలదిండి రెండు, పాలకాయతిప్ప మూడు, నాగాయలంక నాలుగు.

అంతే. పిల్లలకి చెప్పినా ఒక్కసారికే పట్టేస్తారు. ఏలీయాకి సంతోషం రాలేదు. ఇది ఒక్క నెల ముందు తెలిసుంటే తను పొత్తు పారేసి నాగాయలంక వెళ్ళేవాడు. ఇంత తేలికైన దాన్ని ఢిల్లీలో కూర్చున్న అంతమంది పగలగొట్టలేకపోయారా అన్న ఆలోచన ఒకటి వచ్చింది, కానీ అతను దాన్ని పట్టించుకోలేదు. ఆ మధ్యాహ్నం షోలో ఒకసారి సరిచూసుకుని అప్పుడు డెస్క్‌కి చెబుదామనుకున్నాడు.

ఆ మధ్యాహ్నం సుష్మిత ఇచ్చిన జంట E, R. కామెంట్లు కుప్పలు పడ్డాయి. TIGER, MERCY, ALERT, ERROR. ఆమె తెర మీద వేలు జరుపుతూ జరుపుతూ ఒక్క క్షణం కెమెరా వదిలేసి ఏలీయా వైపు చూసింది. నవ్వులో ఏ మార్పూ లేదు.

"ఈరోజు విన్నింగ్ వర్డ్, RIVER."

నాలుగో గడి. నాగాయలంక.

ఏలీయా మెట్లు దిగి, కాలేజీ బస్సుల హారన్ల మధ్య నిలబడి డెస్క్‌కి ఫోన్ చేశాడు. గుర్తింపు మాటలయ్యాయి.

"సార్, మాట వచ్చింది."

"చూశాను" అన్నాడు క్రాంతి కుమార్. "నాగాయలంక సంగతి మనం చూసుకుంటాం. నీ పని అయిపోయింది. విజయవాడ వచ్చెయ్."

ఫోన్ పెట్టేశాక గానీ ఏలీయాకి ఆ మాట పూర్తిగా దిగలేదు. నాగాయలంక పేరు తను ఎత్తలేదు. కోడ్ పగలగొట్టానని ఎవరికీ చెప్పలేదు.

వెనక నుంచి సుష్మిత వచ్చి అతని కారు తలుపు తీసుకుని కూర్చుంది. షో మేకప్ అలాగే ఉంది. "బయల్దేరండి ఏలీయా గారూ" అంది. డేవిడ్ రాజు అనలేదు.

* * *

కూచిపూడి దాటి మొవ్వ రోడ్డెక్కే దాకా ఆమె చెబుతూనే ఉంది. చెబుతూ కనురెప్పలకి అంటించుకున్న వెంట్రుకలు ఒక్కొక్కటీ పీకి కిటికీలోంచి పడేసింది.

ప్రేమ్ సాగర్ ఆమె షోకి పెట్టుబడి పెట్టే వాడిగా చేరాడు. మాట ఏది చదవాలో అతనే పంపేవాడు. అదేమిటో అర్థమైన రోజు ఆమె డిపార్ట్‌మెంట్‌కి ఫోన్ చేసింది. క్రాంతి కుమార్ స్వయంగా వచ్చి కలిశాడు. ఏమీ మార్చకు, అతను చెప్పినట్టే చదువు, మాకు చెబుతూ ఉండు అన్నాడు. అప్పటి నుంచి ఆమె రెండు వైపులా పనిచేస్తోంది. ఒక వైపు వాళ్ళే ఆమెని నమ్మారు, ఆ వైపు ప్రేమ్ సాగర్‌ది.

"కోడ్ మొన్న ఉగాదికే చెప్పేశానండీ ఆయనకి" అంది. "ఒకటి, రెండు, మూడు, నాలుగు. అన్నీ."

ఏలీయా కారు వేగం తగ్గించాడు. "ప్రకాష్ రోజు?"

"షో మొదలవక ముందే ఫోన్ చేశాను. TRAIN చదవమన్నారు, నాగాయలంకలో ఒక మెకానిక్‌ని తీసేస్తారట అని చెప్పాను. సరే అన్నారు."

కారు చల్లపల్లి దాటింది. ప్రకాష్‌ని ఆపితే కోడ్ బయటపడిందని ముఠాకి తెలిసిపోయేది. అందుకని ఆపలేదు. ఏలీయాకి చెబితే అతను ఆగడు. అందుకని చెప్పలేదు. లెక్క ఎంత శుభ్రంగా ఉందో అతనికే అర్థమవుతోంది. అలాంటి లెక్కలు అతనికి నేర్పింది క్రాంతి కుమారే.

"ఇంకోటుంది. మీరు ఎవరో ప్రేమ్ సాగర్‌కి మొదటి రోజే తెలుసు. నేనే చెప్పాను. చెప్పమన్నది మీ సారే."

"ఎందుకు?"

"డిపార్ట్‌మెంట్ వాడు ఇంకా కోడ్ కోసం తిప్పలు పడుతున్నాడంటే కోడ్ భద్రంగా ఉన్నట్టేగా. మిమ్మల్ని చూసి ప్రేమ్ సాగర్ ఎంత నవ్వేవాడో."

ఏలీయా కూడా నవ్వబోయాడు. రాలేదు.

అవనిగడ్డలో గేరు మారుస్తుండగా ఆమె అసలు సంగతి చెప్పింది. దివిసీమ తీరాన రక్షణశాఖ వాళ్ళు కడుతున్న క్షిపణి పరీక్షా కేంద్రానికి ఎదురుగా, సముద్రం అడుగున, ముఠా ఒక వినికిడి యంత్రాన్ని దింపబోతోంది. నీలం డ్రమ్ములో ఉంటుందది. చేపల సర్వే పరికరమని చెప్పి చిన్నబాబు పడవకి ఎక్కించారు. డ్రమ్ము దింపగానే, పడవలో ముఠా పెట్టించిన ఐస్ పెట్టె పేలుతుంది. ప్రేమ్ సాగర్ ఒడ్డు నుంచి ఫోన్ నొక్కడమే. డ్రమ్ము ఎక్కడ పడిందో చెప్పే నోరు మిగలదు. పడవలో పనిచేసే కళాసి రాలేదని చిన్నబాబుతో ఈరోజు భార్య కూడా ఎక్కింది.

"పొద్దున్నే మీ సార్‌కి చెప్పాను. డ్రమ్ము దిగనివ్వాలి, వాళ్ళు వినాలి, మనం వినిపించేదే వినాలి అన్నారు. మరి ఆ మొగుడూ పెళ్ళాల సంగతేంటి అన్నాను."

"సరే అన్నారా?"

"సరే అన్నారు."

* * *

నాగాయలంక రేవులో ఎండ ఇంకా నీళ్ళ మీద ఉంది. చిన్నబాబు పడవ అప్పటికే సముద్రానికి దారితీసే నదిలోకి మళ్ళింది. ఒడ్డున ప్రేమ్ సాగర్ తెల్ల చొక్కాలో, చేతిలో ఫోన్‌తో, ఎవరినో సాగనంపడానికి వచ్చిన బంధువులా నిలబడి ఉన్నాడు. సుష్మిత కారు దిగి చెదిరిన జుట్టు సరిచేసుకుని తిన్నగా అతని దగ్గరికి నడిచింది. ఏం చెప్పిందో ఏలీయాకి వినబడలేదు. అతను ఆమె వైపు తిరిగాడు. అంత వ్యవధి చాలింది. ఏలీయా ఒక చిన్న ఫైబర్ పడవలోకి దూకి, దాని యజమాని తేరుకునే లోపు మోటారు లాగాడు.

నది మధ్యలో పడవని అందుకునేసరికి ఒడ్డున తెల్ల చొక్కా ఇటు తిరిగింది. ఏలీయా జేబులో మీటరు నొక్కి, పచ్చ లైటు వెలిగాక, పెద్ద పడవ అంచు పట్టుకుని ఎక్కాడు. ఫైబర్ పడవని తాడుతో కట్టేశాడు. ఒడ్డున ప్రేమ్ సాగర్ ఫోన్ నొక్కి చెవి దగ్గర పెట్టుకున్నాడు. మళ్ళీ నొక్కాడు. డ్రమ్ము దొరికిపోవడం కంటే పేలిపోవడమే మేలనుకున్నట్టున్నాడు.

చిన్నబాబు ఇంజన్ ఆపి, ఎవరండీ మీరు అన్నాడు. ఐస్ పెట్టె పక్కన కూర్చున్న వెంకటలక్ష్మి లేచి నిలబడింది. ఆమె అతన్ని గుర్తుపట్టింది.

"నువ్వేగా మా తమ్ముడి కోసం వచ్చేవాడివి."

"పెట్టెలో మందుగుండు ఉందమ్మా. మీరిద్దరూ ఆ చిన్న పడవలోకి దిగండి. ఇప్పుడే."

"మా తమ్ముడికీ ఇలాగే చెప్పావు. నీకేం కాదు, నేనున్నాను అన్నావు. వాడే చెప్పాడు నాకు."

ఏలీయా మీటరు బయటికి తీసి ఐస్ పెట్టె మీద పెట్టాడు. లైటు ఇంకా పచ్చగానే ఉంది. తర్వాత తను ఆ పెట్టె మీద కూర్చున్నాడు.

"నన్ను నమ్మకండి. నేనిక్కడే కూర్చుంటాను. మీరు వెళ్ళండి. అబద్ధమైతే తిరిగొచ్చి నన్ను నీళ్ళలోకి తొయ్యండి."

ఆమె అతని మొహంలోకి చూసింది. తర్వాత మొగుడితో, దిగు అంది. పడవ మునిగితే మళ్ళీ కొనలేమే అన్నాడు చిన్నబాబు, దిగుతూనే. చిన్న పడవ కట్టు విప్పి, మోటారు అందుకోక గెడతోనే తోసుకుంటూ కదిలారు. ఏలీయా లెక్కపెట్టడం లేదు. లైటునే చూస్తున్నాడు. ఒక్కసారి మిణుకుమని ఎర్రబడింది. ఒడ్డున ప్రేమ్ సాగర్ ఇంకా బొటనవేలితో నొక్కుతూనే ఉన్నాడు.

ఏలీయా నీళ్ళలోకి దూకాడు. ఈత వచ్చినా బూట్లు కిందికి లాగుతున్నాయి. ఎదురుగా వెదురు గెడ ఒకటి నీళ్ళ మీదికి చాచుకుని వచ్చింది. పట్టుకున్నాడు. అవతలి కొస పట్టుకుని లాగుతున్నది వెంకటలక్ష్మి. అతని మోచేతులు ఫైబర్ పడవ అంచుకి తగిలాయో లేదో, వెనక నది పైకి లేచింది. చిన్నబాబు పడవా, అతని వలలూ, నీలం డ్రమ్మూ ముక్కముక్కలై ఆకాశం నుంచి రాలాయి.

కాసేపటికి చెవుల్లో హోరు తగ్గింది. వెంకటలక్ష్మి గెడని పడవలో అడ్డంగా పెట్టి, అతని వైపు చూడకుండా అంది.

"వాడికి ఎవరూ చాపలేదు."

* * *

ఒడ్డుకి చేరేసరికి అక్కడ మనుషులున్నారు. చేపల వేలం పాటకి వచ్చినవాళ్ళలా కనిపించిన ఆరుగురు డిపార్ట్‌మెంట్ వాళ్ళేనని ఏలీయాకి అప్పుడు తెలిసింది. పొద్దున్నుంచీ అక్కడే ఉన్నారట, డ్రమ్ము ఎక్కడ దిగుతుందో చూడటానికి. పని చెడిపోయింది గనక ఇక చేసేదేముందని ప్రేమ్ సాగర్‌ని పట్టుకున్నారు. సుష్మితనీ పట్టుకున్నారు.

"ఆమె మన మనిషి" అన్నాడు ఏలీయా.

రేవు గట్టున ఆగి ఉన్న కారులో క్రాంతి కుమార్ అద్దం సగం దింపాడు. "రికార్డులో లేదు."

"మీరే మాట్లాడేవారు సార్ ఆమెతో."

"అందుకే రికార్డులో లేదు. నువ్వు డ్రమ్ము పోగొట్టావు ఏలీయా. ఏళ్ళ తరబడి వాళ్ళకి అబద్ధాలు వినిపించేవాళ్ళం. రెండు ప్రాణాల కోసం అదంతా నీళ్ళపాలు చేశావు."

"మూడు సార్. నేను కూడా పెట్టె మీదే కూర్చున్నాను."

క్రాంతి కుమార్ అద్దం ఎత్తేశాడు.

పోలీసు జీపు ఎక్కుతూ సుష్మిత వెనక్కి తిరిగింది. అరుస్తుందేమో అనుకున్నాడు. అరవలేదు. రేపటి షోకి మీ మేత కంపెనీ వాళ్ళు ఇంకెవరినైనా చూసుకోవాలండీ అంది. సాయంత్రానికి టీవీల్లో ఆమె నవ్వుతున్న ఫోటో కింద దేశద్రోహి అని వేశారు. ఏలీయా రాజీనామా రాసిచ్చాడు. దాన్ని తీసుకోలేదు; ఒక ప్రశంసాపత్రం ఇచ్చి, సముద్రం లేని జిల్లాకి బదిలీ చేశారు. సుష్మిత తరఫున సాక్ష్యం చెబుతానని అతను రెండుసార్లు అర్జీ పెట్టాడు. అలాంటి ఆపరేషన్ ఏదీ జరగలేదు గనక సాక్ష్యం అవసరం లేదని జవాబొచ్చింది.

నది మధ్యలో పేలిందేమిటో లోకానికి ఏదో ఒకటి చెప్పాలి. పడవలో వంట చేసుకుంటుండగా గ్యాస్ సిలిండర్ పేలిందని చెప్పారు. మరుసటి వారం అధికారులు నాగాయలంక వచ్చి, షామియానా వేసి, మత్స్యకారులకి అవగాహన సదస్సు పెట్టారు. పడవ లేని చిన్నబాబుని మొదటి వరసలో కూర్చోబెట్టి, పనయ్యాక స్టవ్ ఎలా ఆర్పాలో మూడుసార్లు చేసి చూపించారు.